తుప్పు పట్టించిన బండి



గడచిన సంక్రాంతికి మా యింటి బొమ్మల కొలువులో, పట్టాభిషేకపు రామునికి రెండు మెట్లు క్రిందుగా, ఒక గూడ్సు బండి నిలిచినది. పేరంటమునకు వచ్చిన ముత్తైదువలలో ఒకరు దానిని చూచి, "అయ్యో, అటకమీది బొమ్మను దులపకుండానే పెట్టారే" యని జాలిపడి కొంగుతో తుడువబోయిరి. మా పెద్దవాడు పరుగున వచ్చి అడ్డుపడి, "తుడవకండి అత్తయ్యగారూ! మూడు వారాలు కష్టపడి పట్టించిన తుప్పండీ అది" అని మొరపెట్టెను. ఆమె వానివంకను నావంకను మార్చి మార్చి చూచి, తాంబూలము పుచ్చుకొని వెడలిపోయినది. క్రొత్త బొమ్మను చేసి దానిని పాతదానివలె చేయుట యేమి వేడుక యని నన్నడిగినవారు ఆమెతో కలిసి పదుగురకు తక్కువ యుండరు. అందరకును విడివిడిగా బదులు చెప్పుటకంటె ఈ మాసపు గృహశిల్పము పుటను దీనికే కేటాయించుట మేలని తోచినది.

మా యూరికి రైలు లేదు. నూజివీడు అను పేరు గల స్టేషను కలదు గాని, అది యూరికి సుమారు 18 కిలోమీటర్ల దూరమున, హనుమాన్ జంక్షను చెంత, విజయవాడనుండి యేలూరు పోవు మార్గముమీద నున్నది. పేరు మాది, బండి పొరుగూరివారిది. వేసవిలో మా తోటలనుండి రసములును బంగినపల్లులును లారీల కెక్కి నున్న మార్కెట్టునకు పోవునే కాని, మా పిల్లలు రైలుకూత విని నిద్ర లేచుట యెరుగరు. అందుచేతనే గాబోలు మావానికి రైలుబండ్లమీద అంత మోజు. అదియు పట్టణములకు పరుగెత్తు మెరుపు బండ్లమీద గాదు. విజయవాడ పోయినపు డెల్ల వంతెనమీద నిలిచి గూడ్సు పెట్టెలను లెక్కపెట్టును. యాబది యెనిమిదో, యాబది తొమ్మిదో యని తండ్రితో వాదించును.

ఆటబండ్లకు కొంత చరిత్ర కలదు. జర్మనీదేశపు మార్క్లిన్ సంస్థవారు 1891లో లైప్జిగు సంతయందు, పట్టాల వెడల్పులకు నియతమైన కొలతలు పెట్టి ఆటరైళ్లను ప్రదర్శించిరి. నాటినుండి ఒకరు చేసిన బండి మరియొకరి పట్టాలమీద నడచుట సాధ్యమైనది. నేడు లోకమున ఎక్కువగా వాడుకలోనున్న కొలత నిజమైనదానిలో 87వ వంతు. మన దేశమున పూనా పట్టణమునందు జోషిగారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల 1998లో తెరవబడినది. అచ్చట సిగ్నళ్లతో, స్టేషన్లతో ఊరంతయు బల్లపై నడచుచుండును.

బొమ్మబండికి మురికి పట్టించు విద్యను ప్రసిద్ధికి తెచ్చినవారిలో కాలిఫోర్నియాలోని మాంటెరీ పట్టణవాసి జాన్ ఆలెను (1913-1973) మొదట చెప్పదగినవాడు. ఆయన వృత్తిచే ఛాయాచిత్రకారుడు. కెమేరా కంటికి క్రొత్త రంగు బొమ్మయని వెంటనే పట్టుబడును. మాసిన గోడ, వెలిసిన కప్పు, తుప్పు కారిన తొట్టి నిజమని తోచును. తన యింటి నేలమాళిగలో ఏండ్ల తరబడి కొండలు, లోయలు, వంతెనలు నిర్మించి, వానిపై బండ్లను నడిపెను. ఒక ఇంజనుకు బదులు పూర్వయుగపు రాక్షసబల్లి పెట్టెలను లాగునట్లు చేసి, దానికొక ముద్దుపేరు కూడ పెట్టెనట. 1973 జనవరిలో ఆయన కన్నుమూసిన కొలది దినములకే అగ్ని పుట్టి ఆ సృష్టి చాలవరకు నాశనమైనది. ఈ సంగతి మావానికి చదివి వినిపించినపుడు వాడు రెండు దినములు ఇంజనుమాట యెత్తలేదు.

మనకు మాత్రము ఆటబండి క్రొత్తదా? శూద్రకుని నాటకమునకు పేరే మట్టిబండి. పొరుగింటి బాలుని బంగరుబండి చూచిన రోహసేనుడు మట్టిబండి వలదని యేడ్చును. వసంతసేన తన సొమ్ములు తీసి మట్టిబండిలో నింపి, బంగరుది చేయించుకొమ్మనును. ఆ సొమ్ములే తరువాత న్యాయసభలో బయటపడి చారుదత్తుని వధ్యస్థానమువరకు నీడ్చినవి. ఆ ఘట్టమున నా మనసెప్పుడును మట్టిబండి పక్షమే.

ఇక మా బండి సంగతి. కర్రకొరకు కొండపల్లి పోయితిమి. 2022లో జిల్లాలు విడదీసిన పిదప మేము ఏలూరు జిల్లావారము, కొండపల్లి ఎన్.టి.ఆర్. జిల్లాలోనిది, అంతకుముందు ఇరువురము కృష్ణాజిల్లావారమే. బొమ్మలు చేయు తెల్లపొణికి కర్ర దూదివలె తేలిక, బాడిసెకు లొంగును, గోరు దింపినను గుర్తు పడును. దానిని ఆరబెట్టి, సన్నని సెగపై వేడిచేసి తేమను పోగొట్టి, భాగములను వేరువేరుగా చెక్కి, చింతపిక్కల పొడియు రంపపు పొట్టును కలిపిన మక్కుతో అతికించి, సున్నపు పూత పూసి, ఆపై రంగులు వేయుదురు. ఏనుగు అంబారీయైనను దశావతారములైనను ఇదియే క్రమము. ఇప్పుడు పొణికి చెట్లు అడవిలో అరుదై కర్ర దొరకుట కష్టమైనదని పనివారు వాపోవుచున్నారు.

మేము కోరినది వినిన వృద్ధశిల్పి మొదట నవ్వెను. పిదప సందేహించెను. "బండి చెక్కి ఇస్తానమ్మా. కాని మురికిరంగు నా చేత వేయించకండి. అది కొండపల్లి బొమ్మ అని ఎవరైనా అనుకుంటే మాకు మాట వస్తుంది" అనెను. న్యాయమైన మాట. తరతరములుగా సున్నపు తెలుపుమీద పసుపును ఎరుపును మెరయించిన చేయి అది. సున్నము పూయని పచ్చి చెక్కలను మాత్రము మా కొలతలకు కోసి యిచ్చి, మిగిలిన తునకలను మావాని సంచిలో వేసెను.

కొలతల విషయము కొంచెము చెప్పవలెను. మా కొలువులోని గ్రామపు బొమ్మలు రెండంగుళముల యెత్తున నున్నవి. మనిషి రెండంగుళములైనచో బండి నిజమైనదానిలో 32వ వంతు కావలెను. బొగ్గు మోయు పెద్ద తెరపి వాగను, బీ.ఓ.ఎక్స్.ఎన్. అనబడునది, కొసనుండి కొసకు 10,713 మిల్లీమీటర్లు; మన లెక్కకు ముప్పదిమూడున్నర సెంటీమీటర్లు. దాని చక్రము 1,000 మిల్లీమీటర్లు, మనకు 31. మన పట్టాల నడిమి వెడల్పు 1,676 మిల్లీమీటర్లు, మనకు 52. పాశ్చాత్యదేశములలో పెక్కింటి పట్టాలు 1,435 మాత్రమే గనుక, అచ్చటినుండి వచ్చు ఆటపట్టాలమీద మన బండిని నిలిపిన, పెద్దమనిషి చిన్నచెప్పులు తొడిగినట్లుండును. పట్టాలను కూడ మేమే చేసికొంటిమి. చక్రములు పండ్రెండును మా యూర వీణలు చేయువారి యింట తరిణెపట్టి యిచ్చిరి. వాగనుకు ఎనిమిది, వెనుకనుండు గార్డు పెట్టెకు నాలుగు. వీణ బిరడలు తీయు చేతికి ఇది పిల్లల పని.

పెట్టె కట్టుట నాలుగు దినములు. ప్రక్క పలకలకు నిలువుగా నుండు పట్టీలను దళసరి అట్టతో కోసి అంటించితిమి. రివెట్టులకు గసగసాలు. ఒక్కొక్క గింజను సూదిమొనతో ఎత్తి బంకచుక్కపై నిలుపుట మా చిన్నమ్మాయి పని. దానికి చూపు సూటి. అసలు విద్య అటుపిమ్మట నారంభమైనది.

మొదట చేసిన తప్పు చెప్పెదను. సరకుల వేదికకు పలకలు పాతబడినట్లుండవలెనని, వానికి ఒక ప్రక్కనే కషాయము పూసి యెండలో పెట్టితిమి. సాయంకాలమునకు అప్పడములవలె వంగినవి. తడిసిన ప్రక్క ఉబ్బి, ఎండిన ప్రక్క బిగియుటచే నట్లయినది. రెండు ప్రక్కలను సమముగా తడిపి, బరువు క్రింద నుంచి, నీడలో ఆరబెట్టిన పలకలు చక్కగా నిలిచినవి.

ఆ కషాయమేదన, పెడనలో కలంకారీ అద్దకమువారు నల్లరంగునకు వాడునదే. ఇనుప ముక్కలను బెల్లపు నీటిలో కుండలో నానవేసి రెండు మూడు వారములు పులియనిచ్చిన కసిమి యగును. వారు బట్టను మొదట కరక్కాయ నీటిలో ముంచి, పిదప కసిమితో అద్దుదురు. కరక్కాయలోని వగరు ఇనుముతో కలిసిన తక్షణమే నలుపు తేరును. మన పలకకును అంతే. తెల్లపొణికిపై కసిమి యొక్కటియే పూసిన మురికిపసుపు దప్ప మరేమియు రాలేదు. ముందు కరక్కాయ కషాయము పూసి యారిన పిదప కసిమిని నీటితో పలుచన చేసి రాయగా, పదియేండ్లు వానకు తడిసి యెండకు ఎండిన పలకల బూడిదవన్నె కన్నులయెదుట పుట్టినది. చిక్కగా రాసిన మసినలుపు వచ్చును, పలుచననే మేలు. కుండ మూత తీసినపుడు వాసన భరింపరానిది, పెరటిలోనే తీయుడు. చీరమీద పడిన మరక పోదు. ఇది నా నీలపు నేతచీర చెప్పిన సాక్ష్యము.

వాగనుకు వలయు తుప్పు కొరకు మేము దూరము పోలేదు. విరిగిన బావి గిలక, పాత మేకులు, పెరటి తలుపు బందులు గీకి, నూరి, పాతమల్లు గుడ్డతో వస్త్రగాళితము పట్టితిమి. తుప్పునకు తుప్పే తగిన రంగు. దానిని తుమ్మబంక నీటిలో కలిపి సన్నని కుంచెతో పెట్టవలెను. ముందుగా పెట్టెకంతయు ఎర్రమట్టి గోధుమవన్నె పూసి, సున్నపుతేట నీటిలో కలిపి పైయంచులకు తాకించిన ఎండకు వెలిసినట్లుండును. తరువాత తుప్పు, చివరకు ధూళి. ధూళికి మా తోటల యెర్రమన్నును పొయ్యి బూడిదయు చాలును.

మేమంతయు పూసి, ముచ్చటపడి, వసారాలో బల్లపై పెట్టితిమి. అప్పటికి మా అత్తగారు ఈ పనిలో కలుగజేసికొనలేదు. పైగా కొలువులో తుప్పు పట్టిన వస్తువు పెట్టుట ఆమెకు సమ్మతము గాదు. "కొలువంటే లక్ష్మి. పాత యినుప సామాను దుకాణమా?" అని ఒకసారి యనిరి. నేను మారు పలుకలేదు. మా మామగారు గూడ్సు గార్డుగా పనిచేసి విజయవాడలో విరమించినవారు. ఆయన పోయి ఆరేండ్లయినది. ఈ ఆరేండ్లలో ఆమె నోట రైలుమాట నేను వినలేదు. విజయవాడ పోవలసివచ్చినను బస్సులోనే పోదురు.

ఆనాటి మధ్యాహ్నము ఆమె పప్పు చేటతో వసారాలోనికి వచ్చి, బల్లయెదుట నిలిచి, చాలసేపు చూచిరి. పిదప మావానిని పిలిచి, "ఒరే నాయనా, ఇది తప్పురా" అనిరి.

"ఏది బామ్మా?"

"అంతా ఒకే లాగ పట్టించావు. పెనానికి తుప్పెక్కడ పడుతుంది? అట్టు పోసేచోట పడుతుందా? అంచుకు పడుతుంది. గేటు గడియకు చెయ్యి తగిలేచోట పడుతుందా?"

నేను వంటయింటిలోనుండి వినుచునే యుంటిని. పదునైదేండ్లుగా పెనము తోము నాకు తోచని సంగతి! రోజును రాపిడి తగులు తావున ఇనుము మెరయును. నీరు నిలుచు తావున తుప్పు పుట్టును. అచ్చటినుండి వానధారలవలె క్రిందికి కారును. ఆమె చేట దించి కూర్చుండిరి. వాగను లోపలి గోడలు బొగ్గు రాచుకొని రంగు పోయి యుండవలెననిరి. థర్మలు కేంద్రములలో పెట్టెనంతయు యంత్రముతో పట్టి ప్రక్కకు దొర్లించి బొగ్గు దింపుదురు గనుక పైయంచు అచ్చటచ్చట సొట్టపోయి యుండుననిరి. కొండపల్లికి చేరువ ఇబ్రహీంపట్నపు విద్యుత్కేంద్రమునకు పోవు బొగ్గుబండ్లను ఆమె యెన్ని మారులు చూచియుండిరో! గుంటుపల్లి కార్ఖానాలో మరమ్మతు జరిగివచ్చిన పెట్టెకు తేదీ వ్రాసిన చదరము మాత్రము క్రొత్తరంగుతో నుండునని, తుప్పు నడుమ ఆ చదరము అతుకువలె కనబడుననియు చెప్పిరి. చక్రములకడ బ్రేకుకట్టెల అరుగుదల ధూళి వేరువన్నె యట. మావాడు పలకపై వ్రాసికొనుచుండెను.

తరువాత గార్డు పెట్టెను చేతిలోనికి తీసికొనిరి. మేము దాని మెట్టును చక్కగా సమమైన గోధుమవన్నెలో తీర్చియుంటిమి. ఆమె బొటనవ్రేలితో మెట్టు నడిమిభాగమును రుద్దిరి. ఆరని రంగు కొంత పోయి క్రింది చెక్క కనబడినది.

"ఇక్కడ అరగాలి. బూటు పెట్టేది ఇక్కడే. కుడిచేత్తో ఈ కమ్మీ పట్టుకునేవారు, ఇది అద్దంలా ఉండాలి. ఎడమచేతిలో క్యారియరు ఉండేదిగా" అనిరి.

ఎవరును మాటాడలేదు. మా చిన్నమ్మాయి మాత్రము, గార్డు అనగూడదు, 2022 జనవరినుండి ట్రెయిను మేనేజరనవలెనని బడిలో చెప్పిరనెను. "కొత్తగా వచ్చినవాళ్లు మేనేజర్లేనే తల్లీ. మీ తాతగారు గార్డే" అని అత్తగారు చేట తీసికొని లోనికి పోయిరి.

ఆ రాత్రి భోజనములైన పిదప ఆమెయే మరల వచ్చి లాంతరు వెలుగులో మెట్టును గరుకుకాగితముతో తీర్చిరి. (కరెంటు పోయినది, మా యూర నది విశేషము గాదు.) ఎర్రజెండా, పచ్చజెండా, దీపము, పట్టాలపై ప్రేలు హెచ్చరిక టపాకాయలు ఉంచు గార్డు పెట్టె యెట్లుండునో చెప్పి అగ్గిపెట్టెతో చేయించిరి. బండి చివర తగిలించు బోర్డు మరువవలదనిరి. కడపటి పెట్టెకు ఆ గురుతున్నచో స్టేషనుమాష్టరు బండి యంతయు వచ్చినదని, నడుమ పెట్టెలేవియు తెగి వెనుక నిలిచిపోలేదని యెరుగును. ఎర్రచీర పేలికతో ఆ గురుతును ఆమెయే కుట్టిరి. ఇన్నేండ్లుగా ఈ యింట నున్న నాకు ఆ రాత్రి వినిన సంగతులలో సగము క్రొత్తవి. ఆయన రాత్రిడ్యూటీకి పోవునపుడు ఈమె యార్డు కంచెవరకు నడచి, గార్డు పెట్టె వెనుకదీపము కనుమరుగగువరకు నిలిచెడివారట. మావారికి సయితము ఈ సంగతి తెలియదు.

కొలువులో బండిని ఎచ్చట పెట్టవలెనను ప్రశ్న మరల రాలేదు. ఆమెయే రెండు మెట్లు క్రిందుగా చోటు చూపిరి. దాని ప్రక్క మామిడిగంపలతో సరకుల వేదిక. గంపలు తాటాకుతో అల్లి, వరిగడ్డి నూగు పరచి, పండ్లకు పసుపు కలిపిన మైనము గుండ్లు. పేరంటాండ్రకు బండికంటె గంపలే ఎక్కువ నచ్చినవి, ఆ మాట దాచనేల.

చేయగోరువారికి ఒక్క సలహా. బొమ్మ యెదుట కూర్చుండి తుప్పును ఊహింపకుడు. మీ పెరటి గేటును, బావిగిలకను, నేతిడబ్బా అడుగును ముందు చూచి, తరువాత కుంచె పట్టుడు. అద్దకమువారి కసిమి దొరకనిచో ఇనుప మేకులను వెనిగరులో వారము నానవేసినను పని జరుగును. కరక్కాయకు బదులు చిక్కని తేయాకు కషాయము. ధూళి పూసిన పిదప వ్రేలితో తాకిన గురుతు పడును గనుక పలుచని తుమ్మబంక నీటిని చిలకరించి ఆరనియ్యవలెను. మేమా చిలకరింపు మరచినందున ఇంజనువైపు కొసపై ఆ ముత్తైదువ కొంగుగురుతు ఇంకను ఉన్నది. దానిని సరిచేయుదునని మావాడనగా అత్తగారు, "ఉండనీ, లోడింగులో ఎవరో ఆనుకున్నారనుకో" అనిరి.

ఇంజను ఇంకను చేయలేదు. స్టేషను ఇంటికి మంగళూరు పెంకులు మట్టితో చేసి కాల్చవలసియున్నది. వచ్చు సంక్రాంతికి రెండవ వాగను కూడ కావలెనని మావాని పట్టు. కొండపల్లికి కబురు పంపితిమి. కర్ర వచ్చినపుడు చెప్పెదమని బదులు వచ్చినది.